పడవకో పాడు పేరు

నిప్పు, చక్రం, నాగలి. వీటి తర్వాత మానవజాతి సాధించిన ఘనకార్యం ఒక్కటే. పాత సామాను పారేయకుండా, దానికి సరిపడే ప్రజలను వెతికిపెట్టడం. ఈ విద్యలో తక్కిన ప్రపంచం ఇంకా ఓనమాలు దిద్దుతుండగా, మన నెల్లూరు తీరంలో కాలువ పడవల నామనిర్ణయ శాఖ వారు అరవై ఒకటో సంవత్సరం నాటికే అందులో పండిపోయారు. నేను అప్పట్లో కోట అనే ఊరి నుంచి ఒక వారపత్రికకు వార్తలు రాస్తుండేవాణ్ణి. కళ్ళారా చూసిందే చెబుతున్నాను. నమ్మడమా మానడమా అన్నది పాఠకుల సొంత వ్యవహారం.

సముద్రం పక్కనే, ఇసుక దిబ్బల వెనకగా మాకొక కాలువ ఉంది. మ్యాపులో దానికి ఎవరో దొరగారి పేరు రాసి ఉంటుంది. మేము ఉప్పు కాలువ అంటాం. వడ్లు, ఉప్పు, సరుగుడు కట్టెలు పడవల్లో దాని మీదే మద్రాసు పోతాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తుతారు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతారు. పడవలకు శ్రీ వేదగిరి అనీ, కామాక్షమ్మ తల్లి అనీ, సీయోను తార అనీ పేర్లుండేవి. వాటితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది లేదన్న సంగతి శాఖ వారి దృష్టికి వెళ్ళింది.

ఆ సమయానికే శాఖకు మద్రాసు నుంచి ఒక అచ్చురేకు వచ్చింది. రేకులో అక్షరాలు కత్తిరించి ఉంటాయి. దాన్ని పడవకు ఆనించి పైన తారు పూస్తే ఆ అక్షరాలు చెక్క మీద దిగుతాయి. యుద్ధం అయిపోయాక మిగిలిన సామానులోంచి కొన్న రేకు అది. సిపాయిల మాంసం డబ్బాల మీద ఇంగ్లీషులో 'మీట్' అని ముద్ర వేయడానికి చేయించినది. నాలుగు అక్షరాల మాట. సముద్రపు గాలికి మొదటి అక్షరమూ చివరి అక్షరమూ తుప్పుపట్టి ఊడిపోయి, ఆ చోట రెండు చదరపు కన్నాలు మిగిలాయి. నడుమనున్న ఈ, ఏ అనే రెండు అక్షరాలు మాత్రం ఇప్పుడే కత్తిరించినట్టు నిగనిగలాడుతున్నాయి.

మామూలు మనిషైతే దాన్ని పాత ఇనుము వాడికి వేసి చేతులు దులుపుకుంటాడు. నామనిర్ణయాధికారి పద్మనాభయ్య గారు గెజిటెడ్ మనిషి. ఆయన రేకును ముందుకూ వెనక్కూ తిప్పి, దాని కన్నాల్లోంచి కాలువను చూసి, ఒక నిర్ణయానికి వచ్చారు.

"రేకును పారేస్తే ఆడిట్ వాళ్ళు అడుగుతారు. పడవల పేర్లు మారిస్తే ఎవరూ అడగరు," అన్నారు.

మర్నాటికి ఉత్తర్వు వెలువడింది. ఉప్పు కాలువలో తిరుగు ప్రతి పడవకును నాలుగక్షరముల ఇంగ్లీషు పేరు ఉండవలెను. అందు నడిమి రెండక్షరములును ఈ, ఏ అయి ఉండవలెను. ఒకే పేరు రెండు పడవలకు ఉండరాదు. కోతలు మొదలగులోపు పేరు పెట్టించుకొనని పడవకు కాలువకు అడ్డముగా నున్న లాకు తలుపు తీయబడదు. (మొదటి అక్షరం, చివరి అక్షరం ప్రజల ఇష్టానికే వదిలేశారు. ప్రజాస్వామ్య వికేంద్రీకరణ అంటే ఇదేనని ఆ సంవత్సరమే మాకు అర్థమయింది.)

ఇక్కడ ఒక చిన్న చిక్కు వచ్చింది. పడవల వాళ్ళకు ఇంగ్లీషు రాదు. పద్మనాభయ్య గారికి వచ్చుగానీ ఆయనకు వచ్చినదంతా ఉత్తర్వుల ఇంగ్లీషు. అందులో నాలుగక్షరాల మాటలు తక్కువ. అందుకని మిషను బడిలో ఇంగ్లీషు చెప్పే క్రీస్తురాజు సారును గౌరవ పదప్రదాతగా నియమించారు. గౌరవ అనే మాట ముందుంటే వెనక జీతం ఉండదని తెలిసినవాడు గనుక ఆయన ఏమీ అడగలేదు. వరండాలో బల్ల వేసుకుని, నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పడవల వాళ్ళంతా చేపల సంతలో నిలబడ్డట్టు ఆయన ముందు మూగారు.

అందరికన్నా ముందు మాల్యాద్రి వచ్చాడు. అతనికి చాలా పడవలుండేవి, కనుక క్యూ ఎక్కడున్నా దాని మొదలు అతని దగ్గరే ఉండేది. అతను 'టీక్' అనే మాట పట్టుకుపోయాడు. టేకు చెక్క అని అర్థం. పడవేమో మామిడి చెక్కది. పేరు తారుతో దిగిన మర్నాడే అతను టేకు పడవ బాడుగ వసూలు చేయడం మొదలుపెట్టాడు. జకరయ్య తన పడవకు సీయోను అనే పేరు ఉంచమని బతిమాలాడు. రేకుకు సీయోను పట్టదని చెప్పి, ఆకు అని అర్థం వచ్చే 'లీఫ్' ఇచ్చారు. ఇంకొకాయన కామాక్షమ్మ తల్లి పేరు మార్చనంటే మార్చనని భీష్మించుకున్నాడు. అమ్మవారికి అక్షరాలు ఎక్కువయ్యాయనీ, తగ్గించుకుని వస్తే పరిశీలిస్తామనీ శాఖ వారు జవాబిచ్చారు.

రేకు పుట్టినప్పటి మాట 'మీట్' మీద పద్మనాభయ్య గారికి ఒక మమకారం ఉండేది. దాన్ని ఉల్లిపాయ కూడా ముట్టని కామాక్షయ్యకు కేటాయించారు. అర్థం తెలిశాక ఆయన లబలబలాడుతూ ఆఫీసుకు పరుగెత్తాడు.

"మాంసం తినమని శాఖ చెప్పలేదు గదా. మోసుకు తిరగమనే గదా చెప్పింది," అన్నారు పద్మనాభయ్య గారు శాంతంగా.

ఇంతవరకు జరిగినదాంట్లో విశేషమేమీ లేదు. ఇలాంటివి మనం రోజూ చూస్తున్నవే. అసలు కథ ఆదిశేషమ్మ వచ్చిన రోజున మొదలయింది.

ఆదిశేషమ్మకు ఉన్నది ఒక్కటే పడవ. ఆమె మొగుడు హజరత్తయ్య దానికి చుక్కాని పడతాడు. లెక్కకు అది వాళ్ళ మూడో పడవ. మొదటిది శ్రీ మహాలక్ష్మి, గాలివానకు ముక్కలయింది. రెండోది జయలక్ష్మి. కృష్ణపట్నం దగ్గర, ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగలో, సముద్రం వెనక్కి తీసే పాటు లాగి, వడ్ల బస్తాలతో సహా మునిగిపోయింది. హజరత్తయ్య ఒక చెక్కను కావలించుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. మనిషి బతికాడుగానీ ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా, కంచం కదులుతుందేమోనని ఎడమ చేత్తో దాని అంచు పట్టుకునే తింటాడు. నేను చూశాను. చూసి ఊరుకోవడం కష్టమయ్యే దృశ్యం అది.

పడవలు మునగడానికి కారణం ఆదిశేషమ్మ అప్పటికే కనిపెట్టింది. పేర్లు. లక్ష్మి, జయం అని పెద్ద పెద్ద పేర్లు పెడితే యముడి కన్ను పడకుండా ఎలా ఉంటుంది? ఆమె పుట్టింట్లో వరసగా బిడ్డలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటదిబ్బ మీద దొర్లించి పెంటయ్య అని పేరు పెట్టారు. అలా పెడితే, ఛీ, ఇదేం బిడ్డ అని యముడు ముక్కు మూసుకుని పక్కింటికి పోతాడని మన వైపు నమ్మకం. ఊరికొక పెంటయ్య, వీధికొక పుల్లయ్య ఉన్నది అందుకే. ఆదిశేషమ్మ అన్న పెంటయ్యకు ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది, పళ్ళు మాత్రం అన్నీ ఉన్నాయి.

ఆమె క్రీస్తురాజు సారు బల్ల ముందు నిలబడి నేరుగా విషయానికి వచ్చింది.

"సారూ, నీ పుస్తకంలో బాగా పాడు మాట ఏదుండాదో చూసి నాకియ్యి నాయనా."

సారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అందరూ మంచి మాట ఇయ్యమని నా పానం తీస్తా ఉండారు. నీకు పాడుది ఎందుకు తల్లీ?"

"మంచివి పెట్టే గదా రెండు ముంచుకున్నా. చెక్క పోతే చెక్కొస్తది. మనిషి పోతే యాడ తెచ్చుకునేది?"

సారు కాసేపు పేజీలు తిప్పారు. "ఇదుగో, వీక్ అని ఉండాది. బలం లేనిది."

"మా ఆయన మాదిర్నా? అది చాలదులే."

"లీక్. కారేది."

"కారని పడవ యాడుంది సారూ? ఇంకా పాడుది చూడు."

"ఫియర్. భయం."

ఆదిశేషమ్మ తల అడ్డంగా ఊపింది. భయం వాళ్ళింట్లో చాలానే ఉంది, దాన్ని పడవకెక్కించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. సారు ఇంకో పేజీ తిప్పి, ఆగిపోయి, పుస్తకం మూయబోయారు.

"ఏందది? చెప్పు సారూ."

"డెడ్. అంటే... చచ్చినది."

ఆమె మొహం చాటంత అయింది. "అదీ! చచ్చినదాన్ని మళ్ళా చంపేదానికి యముడికేం పని? అదే రాసియ్యి."

"నేను ఇట్టాంటివి నమ్మనమ్మా," అన్నారు సారు ఇబ్బందిగా.

"నువ్వు నమ్మబళ్ళేదు నాయనా. యముడు నమ్మితే చాలు."

సారు నమ్మకపోయినా రాసిచ్చారు. ఆయన మంచివాడు. మంచివాళ్ళ వల్ల ఆఫీసులకు ఎంత పని పెరుగుతుందో ఆయనకు తెలియదు.

పద్మనాభయ్య గారు ఆ అర్జీ చదివి మూడో ప్రణాళిక మీద ఉపన్యాసం ఇచ్చారు. నదులకు ఆనకట్టలు కడుతున్నాం, ఊళ్ళకు కరెంటు తెస్తున్నాం, ఇలాంటి రోజుల్లో యముడేమిటి అన్నారు. మూఢనమ్మకానికి ప్రభుత్వపు తారు పూయడం కుదరదన్నారు. అర్జీని తోసిపుచ్చారా అంటే అదీ లేదు, పరిశీలనలో పెట్టారు. (తోసిపుచ్చిన అర్జీ ఇంటికి తిరిగొస్తుంది. పరిశీలనలో పడ్డదాన్ని మళ్ళీ చూసినవాడు లేడు.)

ఈలోగా కోతలు మొదలయ్యాయి. మొలగొలుకుల వడ్లు బస్తాలకెత్తి కాలువ గట్టున పేర్చారు. పేర్లున్న పడవలన్నీ బస్తాలు నింపుకుని లాకు దాటిపోతున్నాయి. పేరు లేని పడవ గట్టుకు కట్టేసి ఉంది, అందులో హజరత్తయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రెండు నెలల బాడుగతోనే ఆ ఇల్లు సంవత్సరం గడవాలి. ఆదిశేషమ్మ రోజూ ఆఫీసుకు పోయేది. ఒకరోజు అయ్యగారు క్యాంపు, ఒకరోజు అయ్యగారు భోజనం, ఒకరోజు అయ్యగారు ఉన్నారుగానీ రేకు క్యాంపు. రేపు రమ్మనేవారు. రేపు పోతే, నిన్న రావలసిందనేవారు.

ఆమె ఎందుకు తిరుగుతోందో ఊళ్ళో తెలిసిపోయింది. అప్పుడు జరిగిన విచిత్రం చూడాలి. అంతవరకు టీక్ అనీ, పీక్ అనీ మీసాలు తిప్పిన వాళ్ళందరికీ గుండెల్లో రాయి పడింది. నిజమే గదా, శిఖరమనీ టేకనీ పేర్లు పెట్టుకుని యముడికి మనమే కబురు పంపామే అనుకున్నారు. తెల్లారేసరికి మంచి మాటలన్నీ వెనక్కొచ్చి క్రీస్తురాజు సారు బల్ల మీద పడ్డాయి. పాడు మాటలకు గిరాకీ ఎంత పెరిగిందంటే, శాఖ వారు వాటిని పడవల సంఖ్యను బట్టి, పెద్ద ఆసాములు మొదలుకొని పంచవలసి వచ్చింది. మాల్యాద్రికి 'లీక్' దొరికింది. ఆ పేరును అతను పడవకు రెండు వైపులా వేయించుకున్నాడు. జకరయ్యకు చెవిటి అని అర్థం వచ్చే 'డెఫ్' వచ్చింది. పాస్టరు గారికి చెప్పవద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. (చెప్పలేదు. పత్రికలో రాశానంతే.) కామాక్షయ్య మాత్రం 'మీట్' తిరిగివ్వలేదు. ఇంతకన్నా పాడు మాట తనకు తెలియదన్నాడు.

ఇక 'డెడ్' ఎవరికన్నది మిగిలింది. దాన్ని అడిగినవాళ్ళు పాతిక మందైనా ఉంటారు. పద్మనాభయ్య గారు మూడు రోజులు ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు. ప్రజలలోని మూఢవిశ్వాసములను సమూలముగా నిర్మూలించు ఉద్దేశముతో సదరు మాటను ప్రభుత్వ తనిఖీ లాంచికి కేటాయించడమైనది. ఆయన ఎక్కి తిరిగే లాంచి అదే. తారు ఆరాక నిమ్మకాయ కోసి, గుమ్మడికాయ పగలగొట్టి మరీ ఎక్కారు. నిర్మూలన అన్నివైపుల నుంచీ సాగాలని ఆయన అభిప్రాయం కావచ్చు.

ఆదిశేషమ్మను పిలిచి, పడవ పేరు మంజూరయిందని శుభవార్త చెప్పారు. మిగిలినవన్నీ మంచి మాటలే, అందులోంచి శాఖ వారు ఏరి ఇచ్చింది ఒకటి. 'డియర్'.

"అంటే ఏంది సారూ?" అని క్రీస్తురాజు సారును అడిగింది.

"ప్రియమైనది అని, తల్లీ."

ఆమె వరండా మెట్టు మీదే కూలబడింది. "ప్రియమైందని రాసి ఏటి మొగలోకి పంపమంటారా? ఇంకేముంది, యముడు గుడ్డ పరుచుకుని కూచుంటాడు. ఆ మనిషి కంచం పట్టుకుని తింటా ఉండాడు సారూ... కంచం!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు నిఘంటువు వైపు చూశారు. దాన్ని మూసి బల్ల చివరకు నెట్టేశారు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకనే ఒళ్ళు మండింది. ఒక తుప్పురేకు కోసం ఒక ఇల్లాలిని ఇంత ఏడిపించాలా అనిపించింది. ఆ మాటే రాసి పంపితే, చోటు చాలలేదని పత్రిక వారు వేసుకోలేదు.

మర్నాడు ఆదిశేషమ్మ ఆఫీసుకు పోయి, పిలిచేదాకా ఆగకుండా పద్మనాభయ్య గారి బల్ల ముందుకే వెళ్ళి నిలబడింది. కళ్ళు తుడుచుకుని ఉంది. ఏదో నిర్ణయించుకున్న మనిషిలా ఉంది. వార్త కోసం నేనూ వెనకాలే వెళ్ళాను.

"అయ్యా, ఆ ఇంగ్లీషు మాట నాకొద్దు. నా పడవకు మీ పేరు పెట్టుకుంటా."

పద్మనాభయ్య గారు కలం కింద పెట్టారు. "నా పేరా?"

"అవునయ్యా. మీ పేరు పెద్దచ్చరాల్తో. దాని కింద ఆపీసు పేరు కూడా ఉండాల. ఆపీసు పేరు మరవబాకండి."

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన్ను ఎవరూ అలా అడిగి ఉండరు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఆయన పేరులో అక్షరాలు నాలుగుకు మించి ఉన్నాయి, నడుమ ఈ, ఏ లేవు, రేకుకు పట్టే ఆశ ఏ కోశానా లేదు. ఇవన్నీ గుమాస్తా గుర్తు చేయబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ప్రజల కోసం నిబంధనలు గానీ, నిబంధనల కోసం ప్రజలు కాదయ్యా," అన్నారు. (ఈ సూత్రం ఆ ఆఫీసులో అంతకుముందు వినబడలేదు. ఆ తర్వాత కూడా వినబడలేదు.)

ప్రత్యేక మినహాయింపు ఉత్తర్వు ఆ సాయంత్రానికే తయారయింది. నెల్లూరు నుంచి బోర్డులు రాసే మనిషిని పిలిపించి పసుపు రంగుతో, తెలుగులో ఒక వైపు, ఇంగ్లీషులో ఒక వైపు, పేరూ హోదా శాఖతో సహా రాయించారు. పడవకు మామిడాకులు కట్టారు. పద్మనాభయ్య గారు గట్టు మీద నిలబడి, అధికారికి అసలైన జీతం ప్రజల అభిమానమేనని మాట్లాడి, ఒకచోట కంటతడి కూడా పెట్టారు. హజరత్తయ్య ఎవరి మొహమూ చూడకుండా గెడ వేసి పడవను తోసుకుపోయాడు. లాకు తలుపు అడగకముందే తెరుచుకుంది.

జనం పలచబడ్డాక నేను ఆదిశేషమ్మను పక్కకు పిలిచాను.

"ఏం ఆదిశేషమ్మా, ఇన్ని తిప్పలు పెట్టినాయన మీద అంత అభిమానమా నీకు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "అభిమానమా? పెంటదిబ్బ మీద దొర్లించినా మా అన్నకు ఒకతూరి జరమొచ్చిందయ్యా. డెడ్డు కంటే పాడు మాట ఏదుండాదా అని నిన్నంతా ఆలోచించినా. ఆ ఆపీసు గడప తొక్కేదానికి ఎవురికైనా ఇష్టముందా, చెప్పు. యముడొచ్చి ఆ పేరు చూసినాడనుకో. ఇదేదో ఆ ఆపీసుదంట, ఇప్పుడు పోతే అర్జీ పెట్టమంటారు, రేపు రమ్మంటారు అని దున్నపోతును వెనక్కి తిప్పుకుంటాడు."

ఆ కార్తీకంలో గాలివాన పట్టింది. 'లీక్' గట్టుకు కొట్టుకుని పగిలింది. 'డెఫ్' తెరచాప ఎగిరిపోయి దిబ్బల మీద దొరికింది. ప్రభుత్వ తనిఖీ లాంచి 'డెడ్', రేవులో కట్టేసింది కట్టేసినట్టే మునిగింది. ఆదివారం కావడం వల్ల అందులో ఎవరూ లేరు. ఆదిశేషమ్మ పడవ వడ్ల బస్తా ఒక్కటీ తడవకుండా ఏటి మొగ దాటి ఇంటికొచ్చింది. ఇది యాదృచ్ఛికమని క్రీస్తురాజు సారు అన్నారు. నేనూ అదే అంటాను. అయితే ఆ నెలలోనే పడవల వాళ్ళంతా తమ పడవలకు ఆఫీసులో మిగిలిన వాళ్ళ పేర్లు ఇప్పించమని అర్జీలు పెట్టుకున్నారు. గుమాస్తాల పేర్లు అయిపోయి, బంట్రోతు పేరు కోసం మాల్యాద్రి, కామాక్షయ్య తగువులాడుకున్నారు. ప్రజాభిమానం వెల్లువెత్తుతున్నదని పద్మనాభయ్య గారు పైవారికి నివేదిక పంపారు. ఆయనకు ప్రమోషను వచ్చింది. అచ్చురేకు ఆఫీసు కిటికీకి అడ్డంగా పెట్టి ఉంది; ఆడిట్ వారు చూసి, వినియోగంలో ఉన్నట్టు రాసుకున్నారు.

మొన్న ఆదిశేషమ్మ ఇంటికి భోజనానికి వెళ్ళాను. హజరత్తయ్య నా పక్కనే కూర్చుని, ఎడమ చేయి ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడుతూ అన్నం తిన్నాడు. నాకు చాలా సంతోషమేసింది. ఆ భోజనం వాళ్ళ మనవడి నామకరణానిది. వాళ్ళ కూతురికి ముందు ఇద్దరు బిడ్డలు దక్కలేదు. వీడికి పెంటయ్య అని పెట్టమని చుట్టాలంతా పోరుపెట్టారట. ఆదిశేషమ్మ ససేమిరా అని, పద్మనాభయ్య అని పెట్టింది. పద్మనాభయ్య గారు స్వయంగా వచ్చి, వెండి గిన్నె ఇచ్చి, ఆనందబాష్పాలు తుడుచుకున్నారు.

పిల్లవాడు గుండ్రాయిలా ఉన్నాడు.